తీగెల మీద ప్రయాణం

సంగీతం అనగానే మనలో చాలామందికి పాటే గుర్తుకొస్తుంది. పాట అనగానే మాటలు గుర్తుకొస్తాయి. ఎవరు రాశారు, ఎవరు పాడారు, ఏ సినిమాలోది అని అడుగుతాం. మాటలు లేకుండా వొట్టి వాద్యం మోగుతూ వుంటే అసలు పాట ఇంకా మొదలవలేదనుకుని కబుర్లలో పడతాం. మన కాలేజీ సభల్లో కూడా వాద్యం అంటే మైకు సరిచేసేలోగా జరిగే కాలక్షేపమే కదా! నేను ఇక్కడ చెప్పదలచుకున్నది ఆ మాటల్లేని సంగీతం గురించే. అందులోనూ ఒక చిన్న శాఖ గురించి. ప్రయాణంలోంచి పుట్టిన తీగెల సంగీతం గురించి, ముఖ్యంగా కరెంటుతో పనిలేని మామూలు చెక్క గిటార్ మీద పలికే సంగీతం గురించి.

భౌతికశాస్త్రం చదివే రైతుబిడ్డకు గిటార్‌తో ఏం పని అని కొందరు మిత్రులు అడిగారు. పని వుంది. మాది ఇచ్ఛాపురం దగ్గర పల్లె. ఆంధ్రదేశానికి ఉత్తరపు కొస. బాహుదా నది దాటి కాస్త ముందుకు పోతే ఒడిశా. మా సంతలో కూరలమ్మే మనిషి ఒక వాక్యం తెలుగులో మొదలుపెట్టి ఒడియాలో ముగిస్తుంది. ఒకే వీధిలో ఈ ఇంట్లో తెలుగు పాట, ఆ ఇంట్లో ఒడియా పాట. పాటలో మాట వున్నంతసేపూ అది ఎవరో ఒకరిది. మాట తీసేస్తే వీధి మొత్తానిది. ఈ సంగతి మా వూళ్ళో వాళ్ళకు ఎవరూ నేర్పనక్కర్లేదు. పెళ్ళి ఊరేగింపులో సన్నాయి వాయిస్తుంటే అది ఏ భాషదని అక్కడ ఎవరూ అడగరు.

ఇక ప్రయాణం మాట. ఉద్దానంలో ప్రయాణం అంటే విహారం కాదు, బతుకు. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు - ఏ వూరు వెళ్ళినా కనీసం ఒకరు దూరదేశంలో వున్న ఇళ్ళే ఎక్కువ. పూర్వం ఓడలెక్కి బర్మా పోయారు. తర్వాత ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులకూ, కలకత్తాకూ పోయారు. ఇప్పుడు భువనేశ్వర్, ముంబాయి, సూరత్, గల్ఫ్ దేశాలు. ఇంతగా ప్రయాణం చేసే జనానికి ప్రయాణపు సంగీతం గురించి తెలుసుకోవడం అవసరమేనని నా అభిప్రాయం.

గిటారే ఒక బాటసారి

ముందు ఈ వాద్యం కథ చూద్దాం. గిటార్ ఒకచోట పుట్టి అక్కడే పెరిగిన వాద్యం కాదు. ఇవాళ మనం చూసే ఆకారానికి ఒక కుదురు తెచ్చినవాడు స్పెయిన్ దేశపు వడ్రంగి ఆంటోనియో దె తోర్రెస్ (1817-1892). అంతకు చాలాకాలం ముందే స్పెయిన్ వాళ్ళ ఓడల్లో గిటార్ అమెరికా ఖండం చేరింది. 1830లలో హవాయి దీవుల రాజు తన రాజ్యంలో విపరీతంగా పెరిగిపోయిన పశువులను అదుపు చెయ్యడానికి మెక్సికో ప్రాంతపు పశువుల కాపరులను పిలిపించాడు. వాళ్ళు గుర్రాలతోపాటు గిటార్లు కూడా పట్టుకెళ్ళారు. అంటే ఈ వాద్యాన్ని పసిఫిక్ సముద్రం దాటించింది పండితులు కాదు, పసులకాపర్లు! ఈ సంగతి తెలిసినప్పుడు నాకు ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను.

హవాయి జనం గిటార్‌ను తమ గొంతుకు తగ్గట్టు మార్చుకున్నారు. తీగెలు కొంచెం వదులు చేసి, వేళ్ళతో ఎక్కడా నొక్కకుండా ఆరు తీగెలూ ఒక్కసారి మీటినా శ్రుతిగా పలికేట్టు కట్టుకున్నారు. 1880లలో అక్కడ జోసెఫ్ కెకుకు అనే కుర్రవాడు గిటార్‌ను పడుకోబెట్టి, తీగెల మీద లోహపు ముక్క జార్చి వాయించే పద్ధతిని తీర్చిదిద్దాడు. 1915లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన పెద్ద ప్రదర్శనతో ఆ నాదం అమెరికా అంతా పాకింది. అక్కడినుంచి ప్రపంచం మీద పడింది. టౌ మో అనే కళాకారుడు భార్యాబిడ్డలతో కలిసి దేశదేశాలు తిరుగుతూ వాయించాడు. 1940లలో ఆ కుటుంబం కలకత్తాలో వుంది. కలకత్తాలో ఈ వాద్యం బాగా పాతుకుపోయింది. నజ్రుల్ ఇస్లాం కుమారుడు కాజీ అనిరుద్ధ గిటార్ కళాకారుడే. సునీల్ గంగూలీ గిటార్ మీద వాయించిన పాటల రికార్డులు దేశమంతటా అమ్ముడయ్యాయి.

కలకత్తానుంచి మద్రాసుకు పోయే రైలు మార్గం ఇచ్ఛాపురం మీదుగా, పలాస మీదుగానే పోతుంది. బెజవాడ నుంచి కటకం దాకా ఈ తూర్పుతీరపు రైలు దారి పడింది 1890లలో. అంటే హవాయిలో ఒక కుర్రవాడు తీగె మీద ఇనుము జార్చడం నేర్చిన కొద్ది ఏళ్ళకే మా పొలాల పక్కన ఇనుము మీద ఇనుము జారడం మొదలైందన్నమాట.

ప్రయాణాన్ని తీగె ఎలా చెబుతుంది?

ఇప్పుడు అసలు ప్రశ్న. మాట లేకుండా ప్రయాణం ఎలా చెప్పడం? రైలు కూత అనుకరిస్తే సరిపోతుందా? సరిపోదు. కూతను మిమిక్రీ కళాకారుడు ఇంకా బాగా వేస్తాడు. ప్రయాణంలో మనం నిజంగా అనుభవించేవి మూడు. ఒకటి నడక. కాళ్ళదో, చక్రాలదో ఆగకుండా సాగే లయ. రెండు, కిటికీ అవతల మెరిసి మాయమయ్యే దృశ్యం. మూడు, దూరం. వదిలివచ్చినదానికీ చేరవలసినదానికీ మధ్య వుండే సాగుడు. ఈ మూడింటినీ గిటార్ మూడు రకాలుగా పలికిస్తుంది. ఒక్కొక్కదానికి ఒక్కొక్క ఉదాహరణ చెబుతాను.

నడకకు ఉదాహరణ ఎలిజబెత్ కాటన్. అమెరికాలోని నార్త్ కరోలినాలో 1890లలో పుట్టిన నల్లజాతి స్త్రీ. ఇంటి పక్కనే రైలు పట్టాలు. చిన్నతనంలోనే ఇళ్ళల్లో పనిచేసి కూడబెట్టిన డబ్బుతో 3 డాలర్ల 75 సెంట్లు పెట్టి గిటార్ కొనుక్కుంది. ఆమె ఎడమచేతి వాటం మనిషి. కుడిచేతివాళ్ళ గిటార్‌నే తలకిందులుగా పట్టుకుని వాయించడం తనకు తానే నేర్చుకుంది. పన్నెండేళ్ళయినా నిండకముందే గూడ్సు రైలు మీద కట్టిన పాట తర్వాత లోకప్రసిద్ధమైంది. మధ్యలో ఎన్నో ఏళ్ళు వాద్యం పక్కన పెట్టేసి, మళ్ళీ ఒకరి ఇంట పనిమనిషిగా వుండగా చేతపట్టింది. మొదటి ఎల్‌పీ రికార్డు వచ్చేసరికి 1958. అప్పటికి వయసు అరవై దాటింది. ఆ రికార్డులో మాటల్లేని వాద్యరచనలు కూడా వున్నాయి.

ఆమె పద్ధతి ఏమిటంటే, మంద్రంలో రెండు తీగెలు మార్చి మార్చి మోగుతూనే వుంటాయి. టం-టక్, టం-టక్. అది చక్రం. దానిమీద సన్నతీగెల్లో రాగం తన ఇష్టం వచ్చినట్టు ఆడుకుంటుంది. మామూలుగా ఈ చక్రం తిప్పే పని బొటనవేలిది. కాటన్ గిటార్ తలకిందులు కాబట్టి ఆమెకు చక్రం తిప్పేది చూపుడువేలు, రాగం పలికేది బొటనవేలు. ఒకే మనిషి, ఒకే వాద్యం. కాని వింటుంటే ఇద్దరు వాయిస్తున్నట్టు వుంటుంది. రైల్లో కూర్చున్నవాడి స్థితి కూడా అదే కదా! ఒళ్ళు రైలుతో ఒక లయలో ఊగుతూ వుంటుంది, మనసు వేరే లయలో పోతూ వుంటుంది.

దృశ్యానికి ఉదాహరణ ఫ్రాన్సిస్కో తార్రెగా (1852-1909). స్పెయిన్‌లో గ్రనడా పట్నంలో అల్‌హంబ్రా అనే పాత కోట వుంది. మూర్ రాజులు కట్టించినది. చెలమలు, నీటి కాలువలు, సన్నని స్తంభాలు. ఆ కోట జ్ఞాపకంగా తార్రెగా 1890ల చివర ఒక రచన చేశాడు. అందులో బొటనవేలు మంద్రస్వరం ఒకటి మీటగానే మిగిలిన మూడువేళ్ళూ వరుసగా ఒకే తీగెను ఒకే స్వరం మీద గబగబా తాకుతాయి. గిటార్ స్వరం మీటిన క్షణంలోనే చావడం మొదలెడుతుంది. వయొలిన్ లాగా నిలబడదు. చచ్చేలోగా మళ్ళీ మళ్ళీ బతికిస్తూ పోతే మన చెవి దాన్ని ఒక సన్నని ధారగా వింటుంది. సినిమా రీలు కూడా ఇంతే. విడివిడి బొమ్మలు వేగంగా కదిలితే కంటికి అవి ఒకే కదలిక. విన్నవాళ్ళకు నీటి ఊటలు కనిపిస్తాయంటే ఆశ్చర్యం లేదు. ఇక్కడ గమనించవలసింది, తార్రెగా నీటి చప్పుడును అనుకరించలేదు. చూసి వచ్చిన మనసులో ఆ చోటు ఎలా మెరుస్తూ మిగిలిందో దాన్ని వేళ్ళలోకి తెచ్చుకున్నాడు.

దూరానికి ఉదాహరణ మన దేశంలోనే వుంది. 1967లో హెచ్‌.ఎం.వి. వాళ్ళు 'కాల్ ఆఫ్ ది వ్యాలీ' అనే రికార్డు విడుదల చేశారు. శివకుమార్ శర్మ సంతూర్, హరిప్రసాద్ చౌరాసియా వేణువు, బ్రిజ్‌భూషణ్ కాబ్రా గిటార్, మాణిక్‌రావు పోపట్కర్ తబలా. కాశ్మీరు లోయలో ఒక గొర్రెలకాపరి రోజు తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా ఎలా గడుస్తుందో రాగాల్లో చెప్పిన రచన అది. అహిర్ భైరవ్‌తో తెల్లవారుతుంది, పహాడీతో ముగుస్తుంది. మధ్యలో ఒక్క మాట వుండదు. అయినా ఎండ ఎక్కడం, నీడ సాగడం తెలుస్తూనే వుంటాయి. కాబ్రా (1937-2018) జోధ్‌పూర్ మనిషి, సరోద్ విద్వాంసుడు అలీ అక్బర్ ఖాన్ శిష్యుడు. గిటార్‌ను ఒళ్ళో పడుకోబెట్టి ఇనుపకడ్డీ జార్చి వాయించేవాడు. హవాయి పసులకాపర్ల వాద్యం కాశ్మీరు గొర్రెలకాపరి కథ చెప్పింది చూశారా!

ఈ జారుడులో వున్న కిటుకు ఏమిటో సైన్సు విద్యార్థిగా కొంచెం చెప్పాలి. తీగె పొడవు తగ్గితే స్వరం పెరుగుతుంది. పొడవు సగం అయితే పౌనఃపున్యం రెట్టింపు, అంటే కింది షడ్జం నుంచి పై షడ్జానికి. ఆ మధ్య దూరాన్ని పన్నెండు సమానమైన మెట్లుగా కొయ్యడానికి గిటార్ మెడ మీద లోహపు మెట్లు దిగ్గొడతారు. ఒక్కో మెట్టుకూ పౌనఃపున్యం 1.0595 రెట్లు పెరుగుతుంది. ఈ అంకెను పన్నెండుసార్లు గుణిస్తే రెండు వస్తుంది. తీగె 650 మిల్లీమీటర్లు వుంటే మొదటి మెట్టు పైకొస నుంచి 36.5 మిల్లీమీటర్ల దగ్గర, పన్నెండోది సరిగ్గా 325 దగ్గర పడుతుంది. లెక్క చక్కగా వుంది. కాని మన సంగీతానికి ప్రాణం మెట్ల మీద లేదు, మెట్ల మధ్య వుంది. గమకం అనేది మెట్టుకూ మెట్టుకూ నడుమ సాగే దారి. ఇనుపకడ్డీ జార్చితే మెట్లతో పని వుండదు. మన గోటువాద్యం మీద కర్రముక్క జార్చి వాయించడం కూడా ఇదే సూత్రం. ఒక స్వరం వదిలి ఇంకో స్వరం చేరేదాకా నడుమనున్న ప్రతి బిందువునూ చెవి తాకుతుంది. మెట్ల గిటార్ ఒక స్టేషను నుంచి ఇంకో స్టేషనుకు గంతు వేస్తే, జారుడు గిటార్ నడుమనున్న పొలాలన్నీ చూపిస్తూ తీసుకుపోతుంది. దూరం అనే భావం అందులోంచి వస్తుంది.

పట్టాలు నేర్పిన తాళం

ఇక్కడ నేను వేసిన ఒక చిన్న లెక్క చెబుతాను. పాత రోజుల్లో రైలు పట్టాలు 13 మీటర్ల ముక్కలుగా వుండేవి. ముక్కకూ ముక్కకూ మధ్య సందు. చక్రం ఆ సందు దాటినప్పుడల్లా ఒక దెబ్బ. పెట్టె కింద ఒక్కో కొస దగ్గర రెండు ఇరుసులు వుంటాయి. చాలాకాలం మన దేశంలో నడిచిన పెరంబూరు పెట్టెల్లో ఆ రెండు ఇరుసుల నడుమ దూరం 2.896 మీటర్లు. కాబట్టి చక్రాలకు సరిగ్గా పైన కూర్చున్నవాడికి ప్రతి సందు దగ్గరా జంటదెబ్బ వినిపిస్తుంది. టక-టక్... టక-టక్...

రైలు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతుంటే సెకనుకు 16.67 మీటర్లు. అంటే జంటలోని రెండు దెబ్బల మధ్య 0.17 సెకను. మళ్ళీ జంట రావడానికి మొత్తం 0.78 సెకను. నిమిషానికి 77 జంటలు. అది గాభరా లేని మధ్యమకాలం. ఇప్పుడు 13 మీటర్లలో 2.896 ఎంత భాగమో చూడండి. దాదాపు తొమ్మిదింట రెండు వంతులు. అంటే మొదటి దెబ్బకూ రెండో దెబ్బకూ నడుమ రెండు అక్షరాలు, ఆ తర్వాత ఏడు అక్షరాలు. మొత్తం తొమ్మిది. మన శాస్త్రంలో తొమ్మిదక్షరాల నడకను సంకీర్ణం అంటారు! వేగం పెరిగినా తగ్గినా కాలమే మారుతుంది గాని ఈ రెండు-ఏడు వంతు మారదు. లయ ఇంజనుది కాదు, పట్టాలదీ ఇరుసులదీ కనుక. ఎవరూ నేర్పకుండానే మన పెద్దవాళ్ళు తరాల తరబడి ఇలాంటి నడకలు వింటూ వూళ్ళు విడిచారు.

ఇప్పుడు ఆ చప్పుడు దాదాపు లేదు. పట్టాలను అతికి పొడుగ్గా చేసేశారు. ఒళ్ళు కుదపడం తగ్గింది, పట్టాల ఖర్చు తగ్గింది, మంచిదే. స్టేషను దగ్గర పట్టాలు మారేచోట మాత్రం పాత దెబ్బ కాస్త వినిపించి పోతుంది. మా టెక్కలివైపు నౌపడ నుంచి పర్లాకిమిడి మీదుగా గుణుపురం పోయే చిన్నరైలు కూడా అలాగే పోయింది. 762 మిల్లీమీటర్ల బుల్లి పట్టాల మీద 1900లో మొదలైన ఆ రైలు 2004లో ఆగింది. 2011లో పెద్ద పట్టాలతో తిరిగి నడిచింది. పెద్దరైలు రావలసిందే, ఎవరూ కాదనరు. కాని ఒక శతాబ్దం పాటు జనం విన్న లయ ఏ తీగె మీదికీ ఎక్కకుండా పోయింది. కాటన్ ఇంటి పక్క పోయిన గూడ్సు రైలు ఎప్పుడో ఆగింది. దాని నడక మాత్రం ప్రపంచంలో వేలమంది చేతివేళ్ళలో ఇంకా పరుగెడుతోంది. తేడా అదీ.

మన తీగెలు ఏం చేశాయి?

పరాయి వాద్యాన్ని మనది చేసుకోవడం మనకు కొత్త కాదు. ఓడలెక్కి వచ్చిన వయొలిన్‌ను ద్వారం వెంకటస్వామి నాయుడు గారు (1893-1964) విజయనగరం సంగీత కళాశాలలో కూర్చుని ఎంత తెలుగుదిగా మార్చారో అందరికీ తెలుసు. పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ (1969-2014) మాండొలిన్‌ను కర్ణాటక సంగీతపు వేదిక ఎక్కించాడు. అది కరెంటు వాద్యమే అనుకోండి, అయినా గిటార్‌కు దగ్గర చుట్టమే.

మాటల్లేని వర్ణన మన వీణ మీద కూడా జరిగింది. ద్రాక్షారామంలో పుట్టిన ఈమని శంకరశాస్త్రి గారు (1922-1987) 'ఆదర్శ శిఖరారోహణం' అనే వాద్యరచన చేశారు. పేరులోనే ఎక్కడం వుంది. ఆయన శిష్యుడు కాకినాడ చిట్టిబాబు గారు (1936-1996) 'కొమ్మలో కోయిల' అని కోయిల కూతను వీణ తీగె మీద పలికించి జనాన్ని మురిపించారు. ఆ గురుశిష్యులు వీణ ముందు కీర్తన వినడానికి కూర్చున్న శ్రోతకు దృశ్యం కూడా చూపించారు. దానికి ధైర్యం కావాలి.

ఇక మా ఉత్తరాంధ్రలో జముకు వుంది. ఒకవైపు తోలు మూసిన గుండ్రని డబ్బా. తోలుకు కట్టిన నరపు తీగె. డబ్బాను చంకలో ఇరికించి తీగెను లాగి పట్టి మీటుతారు. లాగేకొద్దీ స్వరం పైకి జారుతుంది, వదిలితే కిందికి జారుతుంది. మెట్లు లేవు, ఒక్కటే తీగె. వూరూరా తిరిగి ఎల్లమ్మ కథ చెప్పేవాళ్ళ చేతిలో అది నడకా తానే, ఏడుపూ తానే. కాటన్ చక్రం, కాబ్రా జారుడు రెండూ ఆ ఒంటితీగెలో వున్నాయని నా నమ్మకం. కాని జముకును మనం కథకు తోడుగానే విన్నాం. కథ ఆపి దాన్ని ఒక్కదాన్నే వినిపించమని ఎంతమందిమి అడిగాం?

ఇదంతా ఎందుకంటే

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస తోటలు నేలకొరిగాయి. జీడిచెట్టు మళ్ళీ నాటితే కొన్నేళ్ళకు కాపుకొస్తుంది. కొబ్బరికి ఇంకా ఓపిక పట్టాలి. ఆ కొన్నేళ్ళు తినడం ఎలా? మా ఇంట్లో దానికి దొరికిన జవాబు మా అన్న రైలెక్కడం. వాడు వెళ్ళి పంపిన డబ్బుతోనే నేను ఈ కాలేజీలో చేరాను. నాలాంటివాళ్ళు ఈ సంచిక చదివేవాళ్ళలో చాలామంది వున్నారని నాకు తెలుసు.

మా అన్న ఫోన్ చేస్తే ఎప్పుడూ ఒకటే మాట, "బాగానే వున్నాన్రా." మేం అడిగేదీ ఒకటే, "తిన్నావా?" ఈ రెండు మాటల మధ్య వెయ్యి కిలోమీటర్లు వున్నాయి. అబద్ధం ఎవరూ ఆడడంలేదు. కాని వున్నదంతా మాటల్లోకి రావడంలేదు. మాటలు వున్న పాటలు ఈ బాధకు చాలా వున్నాయి, కాదనను. పాట వినగానే అమ్మ కళ్ళు తుడుచుకుంటుంది. అంతటితో అయిపోతుంది. వెళ్ళేవాడికి బాధ ఒక్కటే వుండదు గదా! కొత్త వూరు చూస్తానన్న ఉషారు వుంటుంది, జేబులో డబ్బు తడుముకునే భయం వుంటుంది, చిలికా చెరువు పక్కనుంచి రైలు పోతుంటే అంత నీళ్ళు చూసి అన్నీ మరచిపోయే క్షణం వుంటుంది. వీటన్నిటినీ ఒకేసారి మోయడం మాటకు కష్టం. తీగెకు కష్టం కాదు. మంద్రంలో చక్రం తిరుగుతుండగానే సన్నతీగె నవ్వగలదు.

పైగా ఆ పెట్టెలో వున్నది మా అన్న ఒక్కడే కాదు. పక్కన బరంపురం ఒడియా మనిషి, ఎదురుగా మేదినీపురం బెంగాలీ. ముగ్గురి బతుకూ ఒకటే, ముగ్గురికీ కలిపి ఒక పాట లేదు. 1993లో విశ్వమోహన్ భట్, అమెరికా గిటారిస్టు రై కూడర్ కలిసి చేసిన 'ఎ మీటింగ్ బై ది రివర్' రికార్డు విన్నాను. దానికి 1994లో గ్రామీ బహుమతి వచ్చింది. అంతకు ముందు పరిచయమైనా లేని ఇద్దరు కూర్చుని తీగెలతో మాట్లాడుకున్నారు. రైల్లో ఎదురెదురు బెంచీల వాళ్ళు పలకరించుకున్నట్టే వుంటుంది.

మా నాన్న మాత్రం ఒప్పుకోలేదు. నేను హాస్టల్లో ఒక ఒడియా మిత్రుడి గిటార్ మీద వేళ్ళు నొప్పి పుట్టేలా సాధన చేస్తున్నానని తెలిసి, "ఆ తీగెలు మీటితే ఏటొస్తాదిరా? మడికి నీరొస్తాదా?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. నీరు రాదు. కాని నాట్లేసేటప్పుడు మా అమ్మావాళ్ళు పాడతారు కదా, దానివల్ల కూడా నీరు రాదు. నడుం నొప్పి మాత్రం కొంచెం తెలియకుండా పోతుంది. పొలంపనికి పాట వున్నప్పుడు రైలు ప్రయాణానికి ఎందుకు వుండకూడదు? ఈ మాట అంటే మా నాన్న ఒప్పుకున్నట్టు తల ఊపలేదు గాని, మళ్ళీ అడగలేదు.

మనం చెయ్యగలిగినది

నేను సంగీత విద్వాంసుణ్ణి కాను. ఆరు తీగెల్లో మూడు రాగాలు నికరంగా పలికించలేను. అయినా రెండు మాటలు విన్నవిస్తాను.

మొదటిది వాద్యం గురించి. గిటార్ అంటే విదేశీ కలప, ఖరీదు వస్తువు అనే భయం అక్కర్లేదు. నాదంలో ప్రధానమైన పని పైపలకది. ఇది నిరూపించడానికే ఇందాక చెప్పిన తోర్రెస్ 1862లో పక్కలూ వెనకభాగమూ కాగితపు గుజ్జుతో చేసిన అట్టతో ఒక గిటార్ తయారుచేశాడు. అట్టతో అయినది పనసతో కాదా? బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో సర్వసిద్ధి వంశపువాళ్ళు ఒకే పనసదుంగను తొలిచి వీణలు చేస్తారు. ఆ వీణకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మా ఉద్దానంలో పనసకు కొదవలేదు. తుఫానుకు పడిన మా పెరటి పనస కొంత ద్వారబంధాలకు, మిగిలింది పొయ్యిలోకి పోయింది. అలాంటి దుంగతో ఒక పనస గిటార్ చేయిస్తే ఎలా మోగుతుందో మన భౌతికశాస్త్ర విభాగంలో కొలిచి చూడవచ్చు. మందపు తీగె సెకనుకు 82 కంపనాలు, సన్నతీగె 330. ఆ మధ్యలో పనసచెక్క దేన్ని పెంచుతుంది, దేన్ని మింగుతుంది? మంచి ప్రాజెక్టు అవుతుంది. లెక్చరర్ గార్లు దయచేసి ఆలోచించాలి.

రెండోది విద్యార్థి సంఘానికి. వచ్చే ఏడాది వార్షికోత్సవంలో పావుగంట సేపు మాటల్లేని వాద్యానికి కేటాయించండి. గిటార్ కావచ్చు, వీణ కావచ్చు, జముకు కావచ్చు. ఒకటే నియమం. వాయించేవాడు తన వూరి నుంచి ఇక్కడికి వచ్చిన దారిని వాయించాలి. సోంపేట నుంచి వచ్చినవాడి దారి ఒకటి, సీతంపేట కొండల నుంచి వచ్చినవాడిది ఇంకొకటి. తప్పులు దొర్లుతాయి, దొర్లనివ్వండి. మంద్రంలో నడక తప్పకుండా వుంటే చాలు.

పాత పట్టాల చప్పుడు విన్న చెవులు ఇంకా మన ఇళ్ళల్లో వున్నాయి. బర్మా కబుర్లు విన్న ముసలివాళ్ళు, ఖరగ్‌పూర్‌లో రిటైరై వచ్చిన మేనమామలు, చిన్నరైల్లో పర్లాకిమిడి సంతకు పోయిన అమ్మమ్మలు వున్నారు. ఈ సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు వాళ్ళను అడగండి, రైలు ఎలా పోయేదో నోటితో అనిపించుకోండి. ఒక్కొక్కరు ఒక్కో రకంగా అంటారు. ఆ చప్పుళ్ళను కాగితం మీద రాసుకు రండి. తాళం కట్టే పని నేను మొదలుపెడతాను. తీగె మీద పలికించే చెయ్యి మీలో ఎవరిదో ఒకరిది తప్పకుండా వుంటుంది.